ఒకవైపు మాడిన గింజ

ఏడో నంబరు గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. పోయిన వారం మనం ఆగింది అక్కడే. సిగ్నెట్ ఊరి హాలులో చలికాలపు నల్లబీరు పోటీ. ఏడు ఇళ్ళలో కాచిన ఏడు సీసాలు. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. రుచి చూసి తీర్పు చెప్పేది ఇద్దరం, నేనూ పెర్స్ డన్‌బాబినూ. ఏడో గ్లాసు ఒక గుక్క తాగాను. అది నా భార్య ఎనిడ్ చేతి బీరు. ఎనిడ్‌ని మట్టిలో పెట్టి నాలుగేళ్ళయింది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మనుషుల మీద అసలే లేదు. ఎవరో ఆమె పద్ధతి దొంగిలించారు, అంతే అనుకున్నాను. రెండో గుక్క తాగాను.

“ఏంట్రా క్లెమ్, గ్లాసులో ఈగ పడిందా?” అన్నాడు పెర్స్.

“నువ్వు తాగు.”

తాగాడు. మీసం తుడుచుకున్నాడు. నా ముఖం వైపు చూడకుండా గ్లాసు కింద పెట్టాడు.

“ఎవరిదిలా ఉంది?” అన్నాను.

“బీరులా ఉంది. ఒరేయ్, మార్కులేసేసి ఇంటికి పోదాం. మోకాళ్ళు గడ్డకట్టిపోయాయి.”

పెర్స్‌కీ తెలిసింది. ముప్ఫై ఏళ్ళు మా ఇంటి బీరు తాగినవాడు. వాడి నాలుక అబద్ధమాడదు. నోరు ఆడుతుంది.

ఆ రోజు తాగిన మిగతా గ్లాసుల సంగతి చెబితే గాని ఇది అర్థం కాదు. రెండో నంబరులో చాక్లెట్ మాల్ట్ గుప్పించారు. పేరే చాక్లెట్, అందులో చాక్లెట్ ఉండదు. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, నలుపు రాకముందే దించితే ఆ మాల్ట్ వస్తుంది. నాలుకకు మెత్తగా తగులుతుంది. పరామర్శకు వచ్చినవాళ్ళ మాటల్లాగా ఉంటుంది, ఇంటికెళ్ళేసరికి గుర్తుండదు. నాలుగో నంబరులో నల్ల మాల్ట్. అదే మొలకగింజను బొగ్గు కాబోయేదాకా వేయిస్తే నల్ల మాల్ట్. చిటికెడు వేస్తే బీరుకు పదును. గుప్పెడు వేస్తే పొయ్యి గట్టు నాకినట్టే. అయిదో నంబరులో పొట్టు తీసి వేయించిన జర్మనీ గింజ. చేదు పొట్టులో ఉంటుందని పొట్టు తీసేస్తారు. రంగు మాత్రం మిగులుతుంది. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

వేయించిన బార్లీ వేరు. దాన్ని మొలకెత్తించరు. పచ్చిగింజనే నేరుగా వేయిస్తారు. మొలకకు వచ్చే తీపి దానికి రాదు. పాలు పోయని కాఫీలాంటి పొడిచేదు. నాలుక మీద పలకదు, గొంతు దిగాక పలుకుతుంది. ఎనిడ్ ఆ ఒక్కటే వాడేది. అంగడిలో కొనేది కాదు. మా వంటింటి కట్టెలపొయ్యి అరలో, ఆపిల్ కట్టె నిప్పు మీద తనే వేయించుకునేది. ఆ కట్టె పొగ ఆ చేదుకి అంటుకుని ఉండేది. ఏడో గ్లాసులో అదుంది.

మూడో గుక్కకి ఇంకోటి తగిలింది. ఆ పొడిచేదు అడుగున బూడిద. నల్ల మాల్ట్ వేస్తే వచ్చేలాంటి బూడిద.

ఎనిడ్ బీరులో ఏనాడూ బూడిద లేదు. అయిదేసి నిమిషాలకోసారి అర తలుపు తీసి, కొయ్యగరిటెతో గింజలు తిరగేసేది. గంటంబావు సేపు కుర్చీ ముట్టేది కాదు. నాలుగు గింజలు మాడితే పళ్ళెం మొత్తం కోళ్ళకు పోసేది.

సీసాతో పాటు వచ్చిన చీటీ తీశాను. ఏమేం వేశారో కాచినవాళ్ళు అందులో రాయాలి. ‘నల్లగింజ: వేయించిన బార్లీ, అరకిలో. వేరే ఏదీ లేదు’ అని ఉంది.

“చీటీ అబద్ధం. ఇందులో నల్లగింజలు రెండు రకాలున్నాయి,” అన్నాను.

“నీకు లోకమంతా అబద్ధమే. కిందటేడు పాస్టరు గారి బీరుని కూడా దొంగబీరన్నావు. పాపం ఆయన ఏడాది పాటు మన హాలు గడప తొక్కలేదు.”

“ఆయన దొంగే. ఈ ఏడో నంబరు కాచినవాళ్ళని గింజ చూపించమను.”

పెర్స్ నవ్వు ఆగిపోయింది.

మా క్లబ్బులో అదొక ఆచారం. తీర్పు చెప్పేవాడికి చీటీ మీద అనుమానం వస్తే ‘గింజ చూపించు’ అంటాడు. అప్పుడు పేరు పెట్టి అంటించిన కవరు విప్పి, ఆ పేరు చెప్పాలి. ఆ రోజే, కాచినవాళ్ళ కొట్టానికి వెళ్ళి, కాచిన గింజ చూడాలి. చూపించలేకపోతే వాళ్ళు మళ్ళీ పోటీకి రాకూడదు. నలభై ఏళ్ళలో ముగ్గురు ఆ మాట అన్నారు. ముగ్గురికీ ఆ తర్వాత ఊళ్ళో పలకరించేవాళ్ళు లేరు. నాకు ఇప్పటికే లేరు గనక పోయేదేమీ లేదు.

పెర్స్ కవరు విప్పాడు. చాలాసేపు చూశాడు.

“మార్నా ట్యాపింగ్,” అన్నాడు. “క్లెమ్, నేను నీతో రాను. ఎనిడ్ విషయం వస్తే నువ్వు మనిషిలా ఉండవు.”

“రమ్మని ఎవరడిగారు?”

కోటు వేసుకుని బయటికొచ్చాను.

మధ్యాహ్నం రెండయింది. నది మీద పొద్దున లేచిన పొగమంచు ఇంకా విడలేదు. రోడ్డుకి రెండు వైపులా కొమ్మలు నరికిన ఆపిల్ చెట్లు. మొదటి వరస కనిపిస్తోంది, రెండో వరస లేదు. మార్నా ఇల్లు పాత పళ్ళ గోదాము వెనక. పది నిమిషాల నడక.

మార్నా, ఎనిడ్ ముప్ఫై ఏళ్ళ స్నేహితులు. చివరి ఏడాది మాటల్లేవు. మార్నా అంగట్లో కొన్న నల్ల మాల్ట్‌తో కాచి కప్పు గెలిచింది. ఎనిడ్ అందరి ముందూ, “పొయ్యి నాకితే సరిపోయేది, సీసాలెందుకు దండగ?” అంది. అక్కడితో సరి. ఎనిడ్ సమాధి దగ్గరికి మార్నా వచ్చింది. నేను చెయ్యి కలపలేదు.

ఎనిడ్ పోయిన రోజు సంగతి మళ్ళీ చెప్పాలి. జూన్ ఇరవై నాలుగు. మా దేశంలో జూన్ అంటే నడి చలికాలం, అయిదింటికే చీకటి. నేను ఒంటిగంటకు రంపం చైను కొనడానికి హ్యూఅన్‌విల్ వెళ్ళాను. అయిదున్నరకు తిరిగొచ్చాను. ఎనిడ్ వంటింట్లో పొయ్యి ముందు, నేల మీద ఉంది. చల్లగా ఉంది. పొయ్యి ఆరిపోయింది. అరలో ఏమీ లేదు. పళ్ళెం కడిగి బోర్లించి ఉంది. గింజలు వేయించడం మొదలుపెట్టకముందే పడిపోయిందనుకున్నాను. తలలో నరం తెగిందన్నాడు డాక్టరు. రెండుకీ మూడుకీ మధ్య జరిగి ఉంటుందన్నాడు. వెంటనే పోలేదు, గంటో గంటన్నరో ఊపిరి ఉండి ఉంటుందని కూడా అన్నాడు. ఆ చివరి మాట చెప్పినందుకు ఆయన్ని నేను క్షమించలేదు. ఆ మధ్యాహ్నం మా తలుపు తట్టని ఇరుగుపొరుగుని క్షమించలేదు. గంటన్నర సేపు ఆమె ఒక్కతే నేల మీద ఉంది. ఈ నాలుగేళ్ళూ నేను తిన్న ప్రతి ముద్దలో ఆ మాట ఉంది.

గోదాము మలుపు తిరగ్గానే ఒక చప్పుడు వినబడింది. ఇనప పళ్ళెం మీద కొయ్యగరిటె గీరుతున్న చప్పుడు. నాలుగు గీరులు. ఆగింది. ఇనప తలుపు మూసుకుంది.

నేను రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. ఆ చప్పుడు నేను ముప్ఫై ఏళ్ళు విన్నాను. నాలుగు గీరులు, ఆ తర్వాత తలుపు. వేరే ఎవరూ అలా తిప్పరు. మంచులో చప్పుడు ఎటునించి వస్తోందో తెలియదు. నా వెనక నించి వస్తున్నట్టుంది. వెనక్కి చూశాను. నేను నడిచొచ్చిన రోడ్డు లేదు.

అయిదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. మళ్ళీ వినబడింది. నాలుగు గీరులు, తలుపు. ఈసారి మార్నా కొట్టంలోంచి అని తెలిసింది.

తలుపు తోశాను. లోపల పొయ్యి మండుతోంది. ఆపిల్ కట్టె వాసన. మార్నా నా వైపు వీపు పెట్టి, అర ముందు వంగి ఉంది. డెబ్భై దాటిన మనిషి. ఎనిడ్ కన్నా పొట్టి. నడుము మీద చెయ్యి పెట్టుకుని వంగడం మాత్రం అచ్చం ఎనిడ్‌దే.

“వచ్చావా,” అంది వెనక్కి తిరక్కుండానే. “తలుపు వేసి చావు. మంచుని కూడా వెంటేసుకొచ్చావా ఏంటి?”

“నేనొస్తానని తెలుసా నీకు?”

“ఏడో నంబరు ఎవరు తాగినా బావుందంటారు. గింజ చూపించమనేది నువ్వొక్కడివే. నీ నాలుక ఇంకా చావలేదని ఇవాళ తెలిసింది. మిగతా మనిషి సంగతి చెప్పలేను గాని.”

“గింజ.”

“కూచో.”

“గింజ చూపించు మార్నా.”

అప్పుడు బల్ల చూశాను. పొడుగాటి బల్ల మీద వరసగా గిన్నెలు. గిన్నెకి ఇన్ని గింజలు. ప్రతి గిన్నె ముందూ ఒక చీటీ, చీటీ మీద ఒక అంకె. అయిదు. ఎనిమిది. పది. పదమూడు. పదిహేను. పదిహేడు. ఇరవై. ఇరవై గిన్నెలో ఉన్నది బొగ్గు.

మార్నా పై అరలోంచి ఒక బిస్కెట్ల డబ్బా దించింది. మూత మీద నీలం పక్షి బొమ్మ. ఆ డబ్బా మా ఇంట్లోది. అది నాలుగేళ్ళుగా మా ఇంట్లో లేదన్న సంగతి కూడా నాకు ఆ క్షణందాకా తెలియదు. మార్నా కొట్టంలోకి ఏది వచ్చినా వచ్చిన తేదీ రాసి అంటిస్తుంది. దాని మీదా అంటించింది. జూన్ 24. కింద, నాలుగేళ్ళ కిందటి సంవత్సరం.

ఆ తేదీ నేను సమాధి రాతి మీద చెక్కించాను.

“ఏడో నంబరుకి వేసింది ఇందులో గింజే. తీసి చూడు,” అంది.

గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. వేయించిన బార్లీయే. మొలక జాడే లేదు. కానీ ప్రతి గింజకీ రెండు ముఖాలున్నాయి. ఒకవైపు ముదురు గోధుమరంగు, సమంగా, ఎనిడ్ దించే రంగు. రెండోవైపు నలుపు, బూడిద పట్టిన నలుపు. ఒకటి పళ్ళతో చీల్చాను. లోపల కూడా అంతే. సగం కాఫీ, సగం బూడిద.

చీటీ అబద్ధం కాదు. గింజ ఒకటే. రెండు రకాలుగా కాలింది.

“అర్థమైందా?” అంది మార్నా.

అర్థమైంది. తిరగేస్తూ ఉంటే గింజ చుట్టూ ఒకేలా వేగుతుంది. తిప్పడం ఆపేస్తే ఇనుముకి ఆనిన వైపు మాడుతుంది, పైవైపు అలాగే ఉండిపోతుంది. ఈ గింజల్ని దాదాపు చివరిదాకా చక్కగా తిప్పుతూ వచ్చారు. అక్కడ తిప్పడం ఆగిపోయింది.

“ఏప్రిల్‌లో మొదటిసారి ఈ మూత తీశాను,” అంది మార్నా. “అప్పటిదాకా మనసొప్పలేదు. చూడగానే ఒక గింజ పళ్ళతో చీల్చాను. ఎనిడ్ గింజని ఇలా ఒదిలిపెడుతుందా? ఆరోజు నుంచి వేయిస్తూనే ఉన్నా. దానిలాగే తిప్పడం, ఆపడం, గడియారం చూడ్డం. పదహారు పళ్ళేలు తగలేశాను. ఇదిగో, ఇది డబ్బాలో గింజతో పక్కపక్కన పెట్టి చూడు.”

పదిహేడు అంకె ఉన్న గిన్నె నా ముందుకి తోసింది. ఒక గింజ తీసి పక్కన పెట్టాను. ఏది ఎవరిదో నాకే తెలియలేదు.

“చెయ్యి ఆగిన పదిహేడు నిమిషాలకి ఎవరో పళ్ళెం బయటికి తీశారు,” అంది. “ఇంకో మూడు నిమిషాలుంటే బొగ్గయ్యేది.”

ఎనిడ్ పొయ్యి ముందే పడి ఉంది. అర తలుపుకి అడ్డంగా. పళ్ళెం తీయాలంటే ఆమెను దాటుకునే తీయాలి. తీశారు. గింజలు డబ్బాలో పోశారు. పళ్ళెం కడిగి బోర్లించారు. అంతసేపూ ఆమె కింద ఊపిరి తీస్తూనే ఉంది. ఒంటరిగా పోలేదు. అంతకన్నా ఘోరం. ఒక మనిషి పక్కనుండగా పోయింది.

డబ్బా మీద తేదీ మార్నా చేతిరాత.

“నువ్వు ఆ రోజు మా ఇంట్లో ఉన్నావు,” అన్నాను.

“లేను.”

“ఏడాదిగా కసి పెట్టుకున్నావు. ఆమె గింజ కోసం ముప్ఫై ఏళ్ళు ఏడ్చావు. ఆమెను దాటుకుని వెళ్ళి ఆ పళ్ళెం తీశావు. డాక్టరుకి ఫోను చేస్తే బతికేది.”

పొయ్యి ఊచ నా చేతిలో ఉంది. ఎప్పుడు తీశానో తెలియదు. మార్నా దాని వైపు చూసింది, బెదరలేదు.

“కొట్టాలనుంటే తర్వాత కొడుదువు గాని. నేనెక్కడికీ పారిపోను, ఈ మోకాళ్ళతో. ముందు ఒక్క మాట అడుగు. ఈ డబ్బా నాకు ఎవరిచ్చారో అడుగు.”

“ఎవరు?”

“నువ్వు.”

పొయ్యిలో కట్టె విరిగి పడింది.

“మూడుంపావుకి వచ్చావు,” అంది. “బడిబస్సు అప్పుడే మలుపు తిరిగింది. గేటు దగ్గర కారాపావు. ఇంజను మాత్రం ఆపలేదు. డబ్బా నా చేతిలో పెట్టావు. చెయ్యి చురుక్కుమంది, ఏప్రన్‌తో పట్టుకున్నా. ‘ఎనిడ్ పంపింది’ అన్నావు. వెళ్ళిపోయావు. సాయంత్రం ఎనిడ్ పోయిందని తెలిసింది. నువ్వు అయిదున్నరదాకా ఊళ్ళోనే లేవని పోలీసుకి చెప్పావని మర్నాడు తెలిసింది.”

“లేను. హ్యూఅన్‌విల్‌లో ఉన్నాను.”

“హ్యూఅన్‌విల్ ఎంత దూరం?”

“ఇరవై నిమిషాలు.”

“రానూపోనూ నలభై. ఒంటిగంటకి వెళ్ళి అయిదున్నరకి వచ్చావు. చైను ఎంచుకోడానికి నాలుగ్గంటలు పట్టిందా? పెళ్ళికూతురు గౌను కూడా అంతసేపు ఎంచుకోదు.”

ఈ లెక్క నేను ఎన్నడూ వేయలేదు. ఇప్పుడు వేశాను. అంగడి గుర్తుంది. చైను పెట్టె, దాన్ని అందించిన చెయ్యి, ఆ చేతికి కట్టిన గుడ్డ గుర్తున్నాయి. తర్వాత మా వంటింటి తలుపు గుర్తుంది. అప్పటికి చీకటిపడింది. ఈ రెండింటికీ మధ్య ఏముందని వెతికాను. మర్చిపోయిన సంగతైతే మర్చిపోయిన చోటు తెలుస్తుంది. ఇక్కడ ఆ చోటే లేదు. అంగడి తలుపూ మా వంటింటి తలుపూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

“అబద్ధం,” అన్నాను. “నిజమైతే నాలుగేళ్ళు ఎందుకు నోరు మూసుకున్నావు?”

మార్నా కుర్చీలో కూచుంది. ఆ మధ్యాహ్నం ఆమె కూచోవడం అదే మొదటిసారి.

“నాకూ సిగ్గుంది కనక. ఆ రోజు నువ్వొక్కడివే రాలేదు క్లెమ్. కారులో ఎనిడ్ ఉంది.”

నా చేతిలో ఊచ కిందికి వాలింది.

“ముందు సీట్లో. ఒళ్ళో దుప్పటి. తల అద్దానికి ఆనించి కూచుంది. ఏడాది తర్వాత గింజ పంపింది గదా, సంధికొచ్చిందేమో అని నేనే చెయ్యి ఊపాను. అది ఊపలేదు. దీని పొగరు ఇంకా దిగలేదు అనుకున్నా. నాకూ ఒళ్ళు మండింది. కారు దగ్గరికి వెళ్ళలేదు. నాలుగడుగులు. ఆ నాలుగడుగులు వేసుంటే దాని మొహం తేడాగా ఉందని తెలిసేది. వెయ్యలేదు. ఎవరికి చెప్పుకోమంటావు?”

ఊచ కింద పెట్టాను. ఒక్క ప్రశ్న మిగిలింది. అడగకుండా ఇంటికి పోవచ్చు. పెర్స్ అయితే పోయేవాడు.

“కళ్ళు తెరిచి ఉన్నాయా?” అన్నాను.

“తెరిచే ఉన్నాయి,” అంది మార్నా. “నన్ను చూడలేదు. నువ్వు గేటు దగ్గర్నించి కారు దాకా నడిచినంతసేపూ, నీ వెంటే తిరిగాయి.”